విదేశీ సెక్స్ టూరిజం అమ్మకంపై నిషేధ చట్టాలు

డబ్బిచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడమే ప్రధాన ఉద్దేశంగా పరాయి దేశానికి వెళ్లడాన్ని సెక్స్ టూరిజం అంటారు. అలా వెళ్లేవారికి విమాన టికెట్టు, హోటలు గది, అక్కడి మధ్యవర్తి పరిచయం కలిపి ప్యాకేజీగా అమ్మే ఏజెంటును, ఆ ప్యాకేజీకి ప్రకటనలు ఇచ్చేవారిని, దాని మీద లాభం తీసుకునేవారిని వారి సొంత దేశంలోనే శిక్షించే చట్టాలు ఈ వ్యాసానికి విషయం. ఇలాంటి చట్టాలు 1990ల నుంచి వస్తున్నాయి. అవి పనిచేస్తున్నాయా అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి: బహిరంగంగా సాగే అమ్మకం ఆగిందా, దోపిడీ తగ్గిందా. మొదటిదాన్ని సాధించే శక్తి ఈ చట్టాలకు చాలావరకు ఉంది. రెండోదాన్ని మాత్రం ఇవి ఒంటరిగా సాధించలేవు.

నిర్వచనం, పరిధి

ఈ రంగంలో మూడు రకాల నేరాలు తరచుగా కలిసిపోతుంటాయి. ప్రయాణికుడు విదేశంలో చేసే నేరం ఒకటి. మనుషులను బలవంతంగానో మోసగించో వ్యభిచార వృత్తిలోకి దించే మానవ అక్రమ రవాణా మరొకటి. ప్రయాణాన్ని సరుకుగా అమ్మడం మూడోది. ఏజెంటు ఎవరినీ ముట్టుకోడు, ఎవరినీ ఎత్తుకుపోడు. ఊళ్లో కూర్చుని బ్రోచర్లు పంపి, అడ్వాన్సు తీసుకుంటాడు. కాబట్టి మొదటి రెండు నేరాల కోసం రాసిన సెక్షన్లు చాలాకాలం అతని దాకా రాలేదు.

వయసును బట్టి చట్టం స్వభావం మారుతుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో దేశాల మధ్య దాదాపు ఏకాభిప్రాయం ఉంది: డబ్బుతో ముడిపడిన చోట అంగీకారం అన్న ప్రశ్నే రాదు. వయోజనుల విషయంలో మాత్రం దేశానికో దారి. జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల్లో ఈ వృత్తి చట్టబద్ధం. స్వీడన్‌లో 1999 నుంచి కొనేవాడికి శిక్ష, అమ్ముకునేవారికి లేదు. థాయిలాండ్‌లో 1996 నాటి చట్టం ప్రకారం ఇది నిషిద్ధం, అయినా అందరి కళ్ల ముందే సాగుతుంది. ఇన్ని తేడాలున్నప్పుడు ఒక దేశంలో నేరమైన పని కోసం, అది చట్టబద్ధమైన మరో దేశానికి టికెట్టు అమ్మినవాడిని శిక్షించవచ్చా అన్నదే అమ్మక నిషేధ చట్టాలకు ఎదురైన మొదటి చిక్కు.

చారిత్రక నేపథ్యం

ఆసియాలో ఈ వ్యాపారం పరిశ్రమగా మారడానికి యుద్ధం ఒక కారణం. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు సెలవు గడపడానికి థాయిలాండ్ రావడంపై 1967లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. వారి కోసం పుట్టుకొచ్చిన బార్లు, మసాజ్ పార్లర్లు యుద్ధం ముగిశాక సాధారణ పర్యాటకుల వైపు తిరిగాయి.

మరో కారణం విదేశీ మారకద్రవ్యం మీద ప్రభుత్వాలకున్న ఆశ. 1970ల మొదట్లో జపాన్ పురుషులు గుంపులుగా దక్షిణ కొరియా వెళ్లేవారు. విందులలో అతిథులను అలరించే సంప్రదాయ కళావంతుల పేరు మీద దీన్ని కిసెంగ్ టూరిజం అన్నారు. కొరియా ప్రభుత్వం దాన్ని అడ్డుకోలేదు సరికదా, ప్రోత్సహించింది. 1973 డిసెంబరులో సోల్‌లోని ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థినులు గింపో విమానాశ్రయంలో నిరసనకు దిగారు. జపాన్ మహిళా సంఘాలు హనెదా విమానాశ్రయం దగ్గర అదే పని చేశాయి. 1981 జనవరిలో జపాన్ ప్రధాని జెంకో సుజుకి ఆగ్నేయాసియా పర్యటనకు వచ్చినప్పుడు మనీలా, బ్యాంకాక్ నగరాల్లో మహిళలు ఇదే విషయంపై ఆయన ముందు నిరసన తెలిపారు. అది ప్రపంచ వార్త అయింది. జపాన్ నుంచి బాహాటంగా నడిచే గ్రూపు టూర్లు ఆ తర్వాత తగ్గాయి.

ఆ తగ్గుదల కొత్త చట్టం వల్ల కాదు, పరువు పోతుందన్న భయం వల్ల వచ్చింది. దానికి రెండో వైపు కూడా చూడాలి. 1980లలో ఫిలిప్పీన్స్, థాయిలాండ్ యువతులను ఎంటర్‌టైనర్ వీసాల మీద జపాన్ నగరాలకే రప్పించడం పెరిగింది. కొనేవాళ్లు వెళ్లడం తగ్గిన చోట అమ్ముడయ్యేవాళ్లు రావడం మొదలైంది. తర్వాతి చట్టాలన్నిటినీ అంచనా వేయడానికి ఇది పనికొచ్చే కొలమానం.

పిల్లల దోపిడీపై ఆసియా పర్యాటక రంగంలో ప్రచారం చేయడానికి 1990లో ఎక్‌పాట్ సంస్థ పుట్టింది. 1993లో జర్మనీ, 1994లో ఆస్ట్రేలియా, అమెరికా తమ పౌరులు విదేశాల్లో పిల్లలపై చేసే నేరాలను స్వదేశంలో విచారించే ఏర్పాటు చేసుకున్నాయి. వ్యవస్థీకృత సెక్స్ టూరిజాన్ని ఖండిస్తూ ప్రపంచ పర్యాటక సంస్థ 1995లో కైరోలో తీర్మానించింది. పిల్లల లైంగిక దోపిడీపై 1996లో స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఐచ్ఛిక ప్రోటోకాల్ 2002 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఒక వ్యక్తి చేసినా, ముఠాగా చేసినా, దేశంలో చేసినా, సరిహద్దు దాటి చేసినా పిల్లల విక్రయం, వ్యభిచారంలో వాడుకోవడం నేరంగా ఉండాలని అది సభ్యదేశాలను కోరుతుంది. భారత్ దీన్ని 2005లో ధ్రువీకరించింది.

చట్టాల రకాలు

అమ్మకాన్నే నేరం చేసే చట్టాలు. ఆస్ట్రేలియా 1994 చట్టం ప్రయాణికుడితో పాటు అతన్ని ప్రోత్సహించినవారికి, ఆ నేరం వల్ల లాభపడినవారికి కూడా 17 ఏళ్ల దాకా జైలు నిర్దేశించింది. న్యూజిలాండ్ 1995లో పిల్లలతో సెక్స్ కోసం టూర్లు ఏర్పాటు చేయడాన్ని, ప్రచారం చేయడాన్ని విడి నేరంగా తన నేర చట్టంలో చేర్చింది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2003 నాటి ప్రొటెక్ట్ చట్టంతో లాభం కోసం ఇలాంటి ప్రయాణాన్ని తెలిసి ఏర్పాటు చేసినవారికి 30 ఏళ్ల వరకు జైలు పెట్టింది. ఇవన్నీ పిల్లలకు సంబంధించినవి.

వయోజనులకూ వర్తించేలా ముందడుగు వేసింది అమెరికాలోని హవాయి రాష్ట్రం. 2004లో అది వ్యభిచారం కోసం ప్రయాణ సేవలు అమ్మడాన్ని నేరంగా ప్రకటించింది. అక్కడ ట్రావెల్ ఏజెన్సీలకు రాష్ట్ర రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, ఇలాంటి అమ్మకానికి దిగితే ఆ రిజిస్ట్రేషన్ కూడా పోతుంది. వాషింగ్టన్ రాష్ట్రం 2006లో అదే బాట పట్టింది. ఈ చట్టాల కూర్పులో గమనించాల్సిన పనితనం ఉంది. వెళ్లిన దేశంలో ఆ పని చట్టబద్ధమా కాదా అని ఇవి అడగవు. అదే పని మన రాష్ట్రంలో జరిగి ఉంటే నేరమయ్యేదా అని మాత్రమే అడుగుతాయి. పైన చెప్పిన మొదటి చిక్కు ఆ ఒక్క వాక్యంతో చాలావరకు విడిపోతుంది.

ప్రయాణికుడిని పట్టుకునే చట్టాలు. బ్రిటన్, కెనడా, జపాన్ సహా అనేక దేశాలు పిల్లలపై విదేశాల్లో జరిగిన నేరాలను స్వదేశంలో విచారిస్తాయి. నార్వే ఇంకా ముందుకు వెళ్లి, 2009లో సెక్స్ కొనుగోలును నిషేధించినప్పుడు ఆ నిషేధాన్ని విదేశాల్లో ఉన్న తన పౌరులకూ వర్తింపజేసింది.

గమ్యస్థాన దేశాల చట్టాలు. ఫిలిప్పీన్స్ 2003 నాటి మానవ అక్రమ రవాణా నిరోధక చట్టం, మనుషులను లైంగికంగా వాడుకునేందుకు టూర్లు, ప్యాకేజీలు నిర్వహించడాన్ని నేరుగా పేర్కొని 20 ఏళ్ల జైలు, పది లక్షల పెసోలకు తగ్గని జరిమానా విధించింది. గాంబియా అదే ఏడాది పర్యాటక నేరాల చట్టం చేసింది.

ముందుజాగ్రత్త చట్టాలు. పిల్లలపై లైంగిక నేరానికి శిక్షపడి నేరస్థుల రిజిస్టరులో ఉన్నవారి పాస్‌పోర్టులో ఆ విషయం ముద్రించాలని 2016 నాటి అమెరికా చట్టం చెబుతుంది. ఆస్ట్రేలియా 2017 చట్టం అలాంటివారిని అనుమతి లేకుండా దేశం దాటనివ్వదు.

న్యూయార్క్ ఉదాహరణ

అమ్మకంపై చట్టం ఎక్కడ తట్టుకుని ఆగిపోతుందో చూపించే కేసు న్యూయార్క్‌లో జరిగింది. బిగ్ యాపిల్ ఓరియంటల్ టూర్స్ అనే కంపెనీ ఫిలిప్పీన్స్, థాయిలాండ్ దేశాలకు పురుషుల కోసం టూర్లు నడుపుతోందని ఈక్వాలిటీ నౌ అనే మహిళా హక్కుల సంస్థ 1996లో ప్రచారం మొదలుపెట్టింది. వ్యభిచారాన్ని ప్రోత్సహించడం న్యూయార్క్‌లో అప్పటికే నేరం. అయినా ఏళ్ల తరబడి కేసు పడలేదు. విదేశంలో జరిగే పనికి ఇక్కడి సెక్షన్ వర్తిస్తుందా అన్న సందేహమే అడ్డం పడింది. చివరకు 2003లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ సివిల్ కోర్టుకు వెళ్లి కంపెనీ ప్రకటనలకు, కార్యకలాపాలకు అడ్డుకట్ట వేయించారు. 2004లో నిర్వాహకులపై క్రిమినల్ అభియోగం దాఖలైంది. అది తొలి దశలో కోర్టులో నిలవలేదు, అయినా వ్యాజ్యం సాగింది.

ఈ కేసులో సివిల్ ఉత్తర్వు చేసినంత పని క్రిమినల్ అభియోగం చేయలేకపోయింది. సివిల్ దావాలో ఏజెంటు మనసులో ఏముందో సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదు. కంపెనీ ప్రచారం ఏమిటో, కస్టమరుకు ఏం ఆశ చూపిందో చూపిస్తే వ్యాపారాన్ని ఆపించవచ్చు. 2007లో న్యూయార్క్ శాసనసభ చట్టాన్నే సవరించింది. వ్యభిచారం కోసం ప్రయాణ సేవలు అమ్మే వ్యాపారం, గమ్యం విదేశమైనా, అక్కడ ఆ పని చట్టబద్ధమైనా సరే, నేరమేనని ఎలాంటి సందేహానికీ తావులేకుండా రాసింది.

రుజువు చేయడంలో ఇబ్బందులు

ఇలాంటి కేసులో ప్రాసిక్యూషన్ చేతికి వచ్చే కాగితాలు చూస్తే చాలావరకు మామూలు టూరు బిల్లులే: విమాన ఛార్జీ, ఏడు రాత్రుల హోటలు, విమానాశ్రయం నుంచి కారు, స్థానిక గైడు. అసలు బేరం బిల్లులో ఉండదు. ప్రకటనలో ఒంటరి పురుషులకు మాత్రమే అని ఉంటుంది, ఫోనులో గైడు అన్నీ చూసుకుంటాడని చెబుతారు. ప్రయాణ ఉద్దేశం ఏజెంటుకు ముందే తెలుసని రుజువు చేయాలంటే కస్టమరు వేషంలో వెళ్లిన దర్యాప్తు అధికారి సంభాషణో, కంపెనీ లోపలి ఉత్తరాలో, వెళ్లొచ్చినవారి సాక్ష్యమో కావాలి. వెళ్లొచ్చినవాడు తన మీదికి వస్తుందని నోరు విప్పడు.

బాధితురాలు వేల మైళ్ల దూరంలో ఉంటుంది. ఆమె సాక్ష్యం లేకపోయినా అమ్మకం నేరాన్ని రుజువు చేయవచ్చన్నది హవాయి తరహా చట్టాల బలం. అక్కడ అమ్మడానికి ముందుకు రావడమే నేరం, ప్రయాణం జరగనక్కర్లేదు. ప్రయాణికుడి మీద పెట్టే కేసుల్లో ఈ వెసులుబాటు లేదు. వాటికి అనువాదకులు, వీడియో ద్వారా వాంగ్మూలం, బాధితురాలి వయసు ధ్రువపత్రం, రెండు దేశాల పోలీసుల సహకారం అన్నీ కుదరాలి. కొన్ని దేశాలు ఆ పని రెండు చోట్లా నేరమై ఉండాలన్న షరతు, అంటే ద్వంద్వ నేరత్వ సూత్రం, పెట్టుకోవడం వల్ల కూడా కేసులు వీగిపోతాయి.

ఫలితాల అంచనా

ఏజెంట్లకు జైలు శిక్షలు పడటం అరుదు. విదేశీ ప్రయాణాలకు సంబంధించి పడిన శిక్షల్లో ఎక్కువ ప్రయాణికుడికే పడ్డాయి. థాయిలాండ్‌లో బాలుడిపై చేసిన నేరానికి స్వీడన్ కోర్టు 1995లో తన పౌరుడికి శిక్ష వేసింది. ఇది ఈ తరహా తొలి కేసుల్లో ఒకటి. కంబోడియాలో పిల్లలపై నేరం చేసిన అమెరికన్ ఒకరికి ప్రొటెక్ట్ చట్టం కింద సియాటిల్‌లో పడిన శిక్షను 2006లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు సమర్థించింది. డబ్బు చేతులు మారిన విదేశీ సెక్స్ కూడా విదేశీ వాణిజ్యమేనని, దాన్ని నియంత్రించే అధికారం అమెరికా కాంగ్రెస్‌కు ఉందని ఆ తీర్పు చెప్పింది.

శిక్షల సంఖ్యనే కొలమానంగా తీసుకుంటే అమ్మక నిషేధ చట్టాలు విఫలమయ్యాయనిపిస్తుంది. ఆ కొలమానం చాలదు. లైసెన్సు, ఆఫీసు, బ్యాంకు ఖాతా, పత్రికా ప్రకటన ఉన్న వ్యాపారికి కేసు పడక ముందే భయం ఉంటుంది. 1990లలో పేరు, చిరునామా వేసుకుని పురుషుల టూర్లు అమ్మిన తరహా కంపెనీలకు చట్టం వచ్చాక ఆ ధైర్యం లేకుండా పోయింది. ప్రయాణ రంగంలో పెద్ద సంస్థలు 1998లో స్వీడన్‌లో మొదలైన బాలల రక్షణ ప్రవర్తనా నియమావళిలో చేరడానికి ఈ చట్టపరమైన ఒత్తిడి కూడా తోడ్పడింది.

మరోవైపు, ఏజెంటే లేని చోట ఈ చట్టానికి పట్టు దొరకదు. మలేసియాలో పేద పిల్లలపై ఏళ్ల తరబడి అత్యాచారాలు చేసిన ఒక బ్రిటిష్ పౌరుడికి 2016లో లండన్ కోర్టు 22 జీవితఖైదులు విధించింది. అతను ఏ ప్యాకేజీ కొనలేదు. స్వచ్ఛంద సేవకుడిగా, ఇంగ్లిష్ నేర్పేవాడిగా ఆ కుటుంబాల్లో నమ్మకం సంపాదించాడు. ఆస్ట్రేలియా పోలీసులు ఇంటర్నెట్ రహస్య వేదికల్లో పట్టిన ఆధారాలతో అతను దొరికాడు. చవక విమాన టికెట్లు, అద్దె గదుల యాప్‌లు, చాట్ గ్రూపులు వచ్చాక చాలామంది ప్రయాణికులు తమ ఏర్పాట్లు తామే చేసుకుంటున్నారు. ఇలాంటి నేరస్థుల్లో అత్యధికులు విదేశీయులు కారని, అదే దేశంలోనో అదే ప్రాంతంలోనో తిరిగేవారని ఎక్‌పాట్ 2016లో వెలువరించిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. విదేశీ టూరు అమ్మకంపై పెట్టిన చట్టానికి వీళ్లు చిక్కరు.

భారతదేశంలో పరిస్థితి

సెక్స్ కోసం విదేశీ ప్రయాణం అమ్మడాన్ని పేరు పెట్టి నిషేధించే సెక్షన్ భారత చట్టాల్లో లేదు. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం మనుషులను వృత్తిలోకి దించేవారిని, గృహాలు నడిపేవారిని లక్ష్యంగా చేసుకుంది, కస్టమరును బయటి దేశానికి పంపే ఏజెంటును కాదు. అయితే అన్వయించగల సాధారణ నిబంధనలు ఉన్నాయి. భారత న్యాయ సంహిత 47వ సెక్షన్ ప్రకారం, ఇక్కడ జరిగితే నేరమయ్యే పనిని విదేశంలో చేయడానికి భారత్‌లో ఉండి తోడ్పడినవారు ఆ నేరానికి ప్రేరకులే. పాత శిక్షాస్మృతిలో ఇదే 108ఎ. మైనరుతో సంబంధానికి తెలిసి టూరు ఏర్పాటు చేసిన ఏజెంటును దీని కింద విచారించవచ్చు. పౌరుడు విదేశంలో చేసిన నేరాన్ని ఇక్కడ విచారించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. వయోజనుల విషయంలో కథ వేరు: వ్యక్తిగతంగా సెక్స్ కొనడమే ఇక్కడ సాధారణంగా నేరం కాదు కాబట్టి, హవాయి ప్రశ్న ఇక్కడ వేస్తే వచ్చే జవాబు ఏజెంటుకు అనుకూలంగానే ఉంటుంది. పైగా ట్రావెల్ ఏజెంటుకు పర్యాటక మంత్రిత్వ శాఖ గుర్తింపు ఐచ్ఛికం, తప్పనిసరి కాదు. దేశమంతటా వర్తించే రిజిస్ట్రేషన్ రద్దు అనే ఆయుధం ఇక్కడ లేదు.

భారత్‌లో చర్చ ఎక్కువగా విదేశీయుల రాక చుట్టూ సాగింది. గోవా 2003లో బాలల చట్టం చేసింది. ముంబయి అనాథాశ్రమాల్లో పిల్లలపై లైంగిక నేరాల కేసులో ఇద్దరు బ్రిటిష్ పౌరులను హైకోర్టు విడుదల చేయగా, 2011లో సుప్రీంకోర్టు వారి శిక్షను పునరుద్ధరించింది. కేంద్ర పర్యాటక శాఖ 2010లో సురక్షిత, గౌరవప్రద పర్యాటకానికి ప్రవర్తనా నియమావళి తెచ్చింది.

హైదరాబాదు కాంట్రాక్టు పెళ్లిళ్లు (చూడండి: మానవ అక్రమ రవాణా, బాల్యవివాహాలు)

తెలుగు ప్రాంతానికి ఈ విషయంతో ఉన్న బంధం పాతబస్తీలో కనిపిస్తుంది. 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎయిర్ హోస్టెస్ పలకరించింది. పక్కన కూర్చున్న వృద్ధుడైన సౌదీ పౌరుడు ఆ పిల్ల భర్త అని తేలింది. ఆ సంఘటన దేశాన్నంతా కదిలించింది. అయినా వ్యాపారం ఆగలేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతార్ పౌరులను, వారికి సంబంధాలు కుదిర్చిన బ్రోకర్లను, పెళ్లి చేసిన కాజీలను అరెస్టు చేశారు.

పద్ధతి అందరికీ తెలిసినదే. గల్ఫ్ నుంచి వచ్చిన ముసలి షేక్ లాడ్జీలోనో గెస్ట్‌హౌస్‌లోనో దిగుతాడు. బ్రోకరు పేద ఇళ్ల అమ్మాయిలను ఒకరి తర్వాత ఒకరిని చూపిస్తాడు. కాజీ నిఖానామా రాస్తాడు. తేదీ వేయని తలాక్ కాగితం మీద సంతకం కూడా చాలాసార్లు అప్పుడే అయిపోతుంది. వీసా గడువు తీరేసరికి పెళ్లికొడుకు వెళ్లిపోతాడు. డబ్బులో పెద్ద భాగం బ్రోకర్లకు, కాజీకి పోగా మిగిలిందే తల్లిదండ్రులకు చేరుతుంది. తన పౌరులు విదేశీయులను పెళ్లాడాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఒమన్‌లో 2023 దాకా ఉండేది. అది ఈ పెళ్లిళ్లను ఆపలేకపోయింది. ఇక్కడ అమ్మకందారు విదేశంలోని కంపెనీ కాదు, మన వీధిలోని మనిషి. పెళ్లి కాగితం ఆ అమ్మకానికి రక్షణ కవచం. కాబట్టి ఇక్కడ ఫలితమిచ్చిన చర్యలు కూడా వేరు: కాజీల రికార్డుల తనిఖీ, వయసు రుజువు అడగడం, లాడ్జీలపై నిఘా, బాలికలు బడిలో కొనసాగేలా చూడటం.

విమర్శలు

అమ్మక నిషేధ చట్టాలపై రెండు దిక్కుల నుంచి వాదనలు ఉన్నాయి. సెక్స్ వర్కర్ల సంఘాలు, ముఖ్యంగా థాయిలాండ్‌లోని ఎంపవర్ ఫౌండేషన్ వంటివి, ఇష్టపూర్వకంగా ఈ పని చేసే వయోజన మహిళలను కూడా బాధితులుగానే లెక్కగడితే వారి ఆదాయం పోతుందని, పోలీసు దాడులకు గురవుతారని అంటాయి. ఈ భయం నిరాధారం కాదు. కంబోడియా 2008 చట్టం తర్వాత సెక్స్ వర్కర్లను పట్టుకుని నిర్బంధించి హింసించిన ఉదంతాలను హ్యూమన్ రైట్స్ వాచ్ 2010లో నమోదు చేసింది. అయితే ఆ దెబ్బ గమ్యస్థానంలో మహిళలపై జరిగిన దాడుల వల్ల తగిలింది. వేరే దేశంలో ఉన్న ఏజెంటుపై పెట్టే కేసుకు అలాంటి దుష్ఫలితం తక్కువ.

వ్యభిచారాన్నే పూర్తిగా తొలగించాలనే నిర్మూలనవాదులు దీనికి ఎదురు వాదన చేస్తారు. డిమాండును సృష్టించేది ప్రకటన, దాన్ని గౌరవప్రదంగా చూపించేది లైసెన్సున్న ఆఫీసు. ఆ రెండూ లేకపోతే తటపటాయించే కస్టమరు ఇంట్లోనే ఆగిపోతాడని వారి అభిప్రాయం. ఎక్‌పాట్ అధ్యయనం చెప్పిన మరో విషయం దీనికి బలాన్నిస్తుంది: పిల్లలపై నేరం చేసేవారిలో ఎక్కువమంది ముందే పథకం వేసుకుని వచ్చినవారు కారు, అవకాశం దొరికింది కాబట్టి చేసినవారు.

ఆన్‌లైన్ మార్పు

ఇప్పుడు ప్రయాణమే అక్కర్లేని దోపిడీ పెరుగుతోంది. ఫిలిప్పీన్స్‌లో పిల్లలను కెమెరా ముందు నిలబెట్టి, విదేశంలో డబ్బు కట్టినవాడు చెప్పినట్లు చేయించే ప్రత్యక్ష ప్రసారాలు పోలీసులకు పెద్ద సమస్య. చాలా కేసుల్లో డబ్బు చిన్న చిన్న మొత్తాలుగా రెమిటెన్స్ సంస్థల ద్వారా చేరుతుంది, కెమెరా పట్టుకున్నది కుటుంబ సభ్యులే అయి ఉంటారు. 2022లో ఆ దేశం చేసిన చట్టం ఇంటర్నెట్ సేవా సంస్థలు, డబ్బు బదిలీ కేంద్రాలు, హోటళ్లపై కూడా బాధ్యత మోపింది. అనుమానాస్పద చెల్లింపులను గమనించి తెలియజేయడం, ఆధారాలను భద్రపరచడం ఇప్పుడు వారి చట్టబద్ధ విధి.